కొత్తగా ఇంటికి వచ్చిన పుంగనూరు పెయ్య: చిన్న రుగ్మతలు, చేయవలసిన సంరక్షణ

గత కొన్ని సంవత్సరాలుగా నా వద్దకు వచ్చే రోగులలో కొందరు తమ అనారోగ్యం సంగతి ముగించిన తర్వాత, లేవబోతూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. "వైద్యులుగారూ! మేము పుంగనూరు పెయ్యను తెచ్చుకున్నాము. రెండు రోజులుగా సరిగా మేయడం లేదు. ఏదైనా ఆకుమందు చెప్పగలరా?" అని. పాఠకుల ఉత్తరాలలోనూ ఇటువంటి ప్రశ్నలు కనిపిస్తున్నాయి. 2024 సంక్రాంతి నాడు ప్రధానమంత్రి తమ నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన చిత్రాలు పత్రికలలో వచ్చినప్పటి నుండి పట్టణాలలోని మధ్యతరగతి కుటుంబాలలో ఈ చిన్న ఆవులపై మక్కువ మరింత పెరిగినది.

గోవు ఇంట ఉండాలన్న కోరిక మంచిదే. అయితే తరతరాలుగా పశుపోషణ చేసిన రైతుకు చూపుతోనే తెలిసే విషయాలు పట్టణ గృహస్థుకు తెలియవు. అందువలన అతడు రెండు విధాల ఇబ్బంది పడతాడు. రోగము కాని దానిని రోగమని భయపడి మందులు పోస్తాడు. నిజంగా ప్రమాదకరమైన లక్షణం కనిపించినప్పుడు "రేపు చూద్దాములే" అని ఊరుకుంటాడు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో తెలిపే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నేను మనుష్యులకు వైద్యం చేసేవాడిని. కాబట్టి ఇంటివారు చేయదగిన సంరక్షణ వరకే చెప్పి, పశువైద్యుని చేతిలో ఉంచవలసినదానిని ఆయనకే విడిచిపెడతాను.

పుంగనూరు జాతి పరిచయం

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పుంగనూరు ఈ జాతికి పుట్టినిల్లు. పూర్తిగా ఎదిగిన ఆవు మూపు వద్ద సుమారు 70 నుండి 90 సెంటీమీటర్ల ఎత్తు, 115 నుండి 200 కిలోల బరువు ఉంటుంది. పాలు కొద్దిగానే ఇచ్చినా, వాటిలో వెన్న శాతం 8 వరకు ఉంటుందని ప్రతీతి. సాధారణంగా ఆవుపాలలో ఇది మూడు నుండి అయిదు శాతం మధ్య ఉంటుంది. ఒక దశలో అంతరించిపోతుందేమో అనిపించిన ఈ జాతిని పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం కాపాడుకుంటూ వచ్చినది.

కొనేవారు ఒక విషయం గమనించాలి. జాతి లక్షణం వలన పొట్టిగా ఉండడం వేరు, తల్లిపాలు చాలక గిడసబారి పొట్టిగా ఉండడం వేరు. ముద్దుగా ఉన్నదని నెల, రెండు నెలల దూడను తల్లి నుండి వేరుచేసి తేవడం ఎంతమాత్రం తగదు. పాలు మాని, గడ్డి బాగా మేసి, నెమరువేయడం స్థిరపడిన పెయ్యనే తెచ్చుకోవాలి. సగం రుగ్మతలు ఈ ఒక్క జాగ్రత్తతోనే తప్పిపోతాయి.

రోగం కానివి

ముందుగా అనవసరపు భయాలను తొలగించుకుందాం.

"మా పెయ్యకు పైన ముందు పళ్ళు లేవు, ఊడిపోయినట్లున్నవి" అని ఒక గృహిణి ఎంతో ఆందోళనతో వ్రాశారు. ఏ ఆవుకూ పై దవడలో ముందు పళ్ళు ఉండవు. వాటి స్థానంలో గట్టి చిగురు ఉంటుంది. గడ్డిని నాలుకతో చుట్టి, క్రింది పళ్ళతో ఆ చిగురుకు నొక్కి తెంచుకోవడం ఆవు పద్ధతి. రెండేళ్ళ వయస్సులో క్రింది పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేటప్పుడు కొద్ది రోజులు మెల్లగా మేయడం కూడా సహజమే.

రాత్రివేళ పడుకుని ఏదో నములుతూ, మధ్యమధ్య త్రేన్పులు తీస్తుంటే అది నెమరు. ఆరోగ్యవంతమైన పశువు రోజులో ఆరు నుండి ఎనిమిది గంటల పాటు నెమరువేస్తుంది. నెమరు ఉన్నదంటే జఠరాగ్ని పనిచేస్తున్నదని అర్థం. ముట్టె తడిగా ఉండడం కూడా ఆరోగ్య చిహ్నమే, జలుబు కాదు. రోజుకు పది పదిహేను సార్లు పేడ వేయడం సహజం.

కొత్త చోటికి వచ్చిన పెయ్య రెండు మూడు రోజులు అరుస్తూనే ఉంటుంది. ఆవు మందలో బ్రతికే ప్రాణి. తల్లినీ తోటివాటినీ విడిచి వచ్చిన దిగులు దానికీ ఉంటుంది. ఇంటివారు దగ్గర కూర్చుని మెడ క్రింద గంగడోలును మెల్లగా నిమురుతూ ఉంటే క్రమంగా సర్దుకుంటుంది. వీలైనవారు ఒంటి పెయ్యను కాక రెండింటిని తెచ్చుకోవడం మేలు.

ఈడు వచ్చిన పెయ్య ఒకరోజు హఠాత్తుగా మేత తగ్గించి, ఎడతెగక అరుస్తూ, వెనుక భాగం నుండి గాజువలె స్వచ్ఛమైన తీగను విడిస్తే అది ఎదకు వచ్చినదని తెలుసుకోవాలి. ఒక రోజులోపే ఆ లక్షణాలు తగ్గి, సుమారు 21 రోజులకు మళ్ళీ కనిపిస్తాయి. దీనికి మందు అక్కరలేదు. అయితే ఆ తీగ చీమువలె చిక్కగా ఉన్నా, దుర్వాసన వేసినా పశువైద్యునికి చూపాలి.

అసలు కారణం మార్పు

కొత్త పెయ్యకు వచ్చే చిన్న రుగ్మతలలో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే. ఒక్క రోజులో దాని మేత, నీరు, నేల, గాలి, తోడు అన్నీ మారిపోతాయి. అలవాటు వలన శరీరానికి సరిపడినదానిని ఆయుర్వేదం ఓకసాత్మ్యమని అంటుంది. అలవాటైనదానిని ఒక్కసారిగా మానినా, అలవాటు లేనిదానిని ఒక్కసారిగా మొదలుపెట్టినా దోషాలు ప్రకోపిస్తాయి. అందుకే చరకసంహిత సూత్రస్థానంలో పాదాంశిక క్రమం చెప్పబడినది. పాదమనగా నాలుగవ వంతు. పాతదానిని పావు వంతు చొప్పున తగ్గిస్తూ, కొత్తదానిని పావు వంతు చొప్పున పెంచుకుంటూ పోవడమే ఆ క్రమం. గురుకులంలో మేము దీనిని మనుష్యుల ఆహార విషయంలో చదువుకున్నాము. పశువు విషయంలో ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

కారణం ఏమిటంటే, ఆవు కడుపులో నాలుగు అరలు ఉంటాయి. అన్నిటికంటె పెద్దదైన మొదటి అరలో కోట్లాది సూక్ష్మజీవులు నివసిస్తూ గడ్డిని పులియబెట్టి జీర్ణం చేస్తాయి. గడ్డికి అలవాటుపడిన సూక్ష్మజీవులు వేరు, ధాన్యానికి అలవాటుపడినవి వేరు. మేత ఒక్కసారిగా మారితే ఈ లోపలి మంద తారుమారై ఆకలి మందగించడం, పారుడు, కడుపుబ్బరం వస్తాయి.

కాబట్టి పెయ్యతో పాటు అమ్మినవారి వద్ద నుండి పది రోజులకు సరిపడా పాత మేతను కూడా తెచ్చుకోవాలి. మొదటి మూడు రోజులు మూడు వంతుల పాత మేతకు ఒక వంతు కొత్త మేత కలపాలి. నాలుగు నుండి ఆరవ రోజు వరకు సగం సగం. ఏడు నుండి తొమ్మిదవ రోజు వరకు ఒక వంతు పాతది, మూడు వంతులు కొత్తది. పదవ రోజు నుండి పూర్తిగా కొత్త మేత పెట్టవచ్చును.

ఎనభై కిలోల పెయ్యకు రోజుకు సుమారు అయిదు కిలోల పచ్చిగడ్డి, కిలోకు కొంచెం తక్కువగా ఎండుగడ్డి, అరకిలో దాణా, కొద్దిగా ఖనిజ లవణ మిశ్రమం సరిపోతాయి. మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

పారుడు

రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత ఉద్యోగి ఇంటికి మరొక పని మీద వెళ్ళినప్పుడు, మూడు రోజుల క్రితం వచ్చిన వారి పెయ్యను చూపించారు. నీళ్ళవలె పారుతున్నది. ఏమి పెట్టారని విచారిస్తే, చూడవచ్చిన బంధువులు, ఇరుగుపొరుగువారు తలా ఒక అరటిపండు, బెల్లంముక్క, రొట్టె పెట్టారు. శుక్రవారం నాడు పులిహోర, చక్కెరపొంగలి కూడా నైవేద్యంగా పెట్టారు. ప్రతి ఒక్కరూ పెట్టినది కొంచెమే. కానీ తిన్న కడుపు ఒక్కటే! పెయ్య హుషారుగా ఉన్నది, జ్వరం లేదు, నెమరు ఉన్నది. దాణా, పండ్లు, అన్నం పూర్తిగా ఆపించి, శుభ్రమైన ఎండుగడ్డి, నీరు మాత్రమే ఉంచమన్నాను. రెండవ నాటికి పేడ చిక్కబడినది. అన్నం, పిండివంటలు, ధాన్యం మోతాదు మించితే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుందని చాలామందికి తెలియదు.

మనకు అజీర్ణమైతే లంఘనం పరమౌషధమంటారు. దానిని పశువుకు యథాతథంగా అన్వయించకూడదు. గడ్డి పూర్తిగా ఆపితే కడుపులోని సూక్ష్మజీవులు నశిస్తాయి. దాణా ఆపాలి, గడ్డి ఆపకూడదు. అదే పశువుకు తగిన లంఘనం.

హుషారుగా ఉన్న పెయ్యకు లేత మారేడు కాయ గుజ్జును ఎండించి చేసిన పొడి, ఎండిన దానిమ్మ తొక్కల పొడి, ఒక్కొక్కటి అయిదు గ్రాముల చొప్పున కొద్ది బెల్లంతో చిన్న ఉండ చేసి పూటకొకటి, ఒకటి రెండు రోజులు పెట్టవచ్చును. లీటరు నీటిలో అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార కలిపి ప్రక్కన ఉంచితే దానంతట అది త్రాగుతుంది. మంచినీరు కూడా విడిగా ఉంచాలి. రెండు రోజులలో తగ్గకపోయినా, పేడలో రక్తం గాని జిగురు గాని కనిపించినా పేడను పరీక్ష చేయించాలి. ఏలికపాములకు మందును పశువైద్యుడే నిర్ణయించాలి. వేపాకు ముద్దలతో అవి పోతాయని నమ్ముకుని కూర్చోరాదు.

ఆకలి మందగించడం, కడుపుబ్బరం

జ్వరం లేక, నెమరు ఉండి, మేత కొంచెం తగ్గినప్పుడు దానిని అగ్నిమాంద్యంగా భావించవచ్చును. వాము పది గ్రాములు, సొంఠి అయిదు గ్రాములు, బఠాణీగింజంత ఇంగువ నూరి, బెల్లంతో ఉండ చేసి, రోజుకు ఒకటి చొప్పున రెండు రోజులు పెడితే ఆకలి పుడుతుంది. అది తనంతట నమిలి తింటేనే పెట్టాలి. రెండు రోజులు దాటి ఇంటి మందు కొనసాగించకూడదు.

కడుపుబ్బరం మాత్రం చిన్న రుగ్మతగా మొదలై గంటలలో ప్రాణాపాయం కాగలదు. వెనుకనుండి చూస్తే ఎడమ డొక్క ఉబ్బి, తట్టినప్పుడు మద్దెలవలె మ్రోగుతుంది. పెయ్య కాళ్ళతో కడుపును తన్నుకుంటుంది, ఆయాసపడుతుంది. వెంటనే పశువైద్యునికి కబురు చేసి, ఆయన వచ్చేలోగా ముందుకాళ్ళు ఎత్తైన చోట ఉండేటట్లు నిలబెట్టి ఎడమ డొక్కను నిమరాలి. నోటికి అడ్డంగా వేపపుల్ల కట్టితే దానిని నములుతూ లాలాజలం ఊరి త్రేన్పులు వస్తాయి. పడుకోనీయరాదు. మంచు తడి ఆరని లేత పచ్చిమేతను ఖాళీ కడుపున మేపకుండా, ముందు ఎండుగడ్డి వేస్తే ఈ బాధ చాలావరకు రాదు.

పట్టణాలలో మరొక ముప్పు ప్లాస్టిక్ సంచి. అది కడుపులో చేరితే బయటకు రాదు. కూరగాయల తొక్కులను సంచితో సహా తొట్టిలో వేసే అలవాటు మానాలి. పెరటిలోని గన్నేరు ఆకులు, ఆముదపు గింజలు, లేత జొన్న మొలకలు విషప్రాయమని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

కళ్ళు, చర్మం, గిట్టలు

ప్రయాణపు గాలికి, దుమ్ముకు కళ్ళు నీరు కారడం సామాన్యం. కాచి చల్లార్చిన నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడిస్తే చాలు. ఆకుపసర్లు కంటిలో పిండరాదు. కన్ను ఎర్రబడి మూసుకున్నా, గ్రుడ్డుపై తెల్లని పొర కనిపించినా ఇంటి వైద్యం పనికిరాదు.

చెవుల లోపల, గంగడోలు మడతలలో, తోక క్రింద, పొదుగు ప్రాంతంలో గోమార్లు ఉన్నవేమో ప్రతిదినం చూడాలి. వీటినే కొన్ని ప్రాంతాలలో పిడుదులంటారు. ఇవి రక్తం పీల్చడమే కాక తీవ్ర జ్వరాలను కూడా తెస్తాయి. కానుగ నూనె, వేపనూనె సమంగా కలిపి కొద్దిగా కర్పూరం చేర్చి పలుచగా రాస్తే ఈగలు, దోమలు దూరంగా ఉంటాయి. కంటికి, నోటికి తగలనీయరాదు. గోమారు నేలపై పడి గోడ పగుళ్ళలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది గనుక, కొట్టం పగుళ్ళు పూడ్చి సున్నం కొట్టడం కూడా చికిత్సలో భాగమే. అప్పటికీ తగ్గకపోతే పశువైద్యుడు సూచించిన మందు వాడవలసిందే.

పలుపు ఒరిపిడి వలన ఏర్పడిన గాయాలకు కుప్పింటాకు, వేపాకు, పసుపు నూరి, కొబ్బరినూనెలో కాచి చల్లార్చి పూయవచ్చును. కళ్ళ చుట్టూ, మెడపైన బూడిదరంగు పొక్కుతో గుండ్రని మచ్చలు కనిపిస్తే అది తామర. ఇది పశువుల నుండి పిల్లలకు సులభంగా అంటుకుంటుంది. తగ్గేవరకు పిల్లలు పెయ్యను కౌగిలించుకోకుండా చూడాలి. అసలు పశువును ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుగుకోవడం ఇంటి నియమం కావాలి.

నున్నని పలకరాయి నేలపై ఆవు జారి కాలు విరుచుకొనవచ్చును. ఎప్పుడూ అక్కడే నిలబెడితే గిట్టలు అరగక పొడుగు పెరుగుతాయి. మట్టినేల శ్రేష్ఠం. లేనిచో రబ్బరు చాప పరిచి, ప్రతిదినం ఒక గంటైనా మట్టిపై త్రిప్పాలి.

చిన్న శరీరానికి చిన్న మోతాదు

పుంగనూరు పెయ్య విషయంలో మరువరాని విషయం దాని బరువు. ఊరిలోని పెద్ద ఆవుకు వాడిన మోతాదును దీనికి వాడితే అది విషమగును. బరువు అంచనాకు సులభమైన లెక్క ఒకటి ఉన్నది. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో కొలిచి, ఆ సంఖ్యను దానితోనే గుణించాలి. భుజపు ఎముక కొన నుండి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, వచ్చినదానిని 660తో భాగించాలి. చుట్టుకొలత 40, పొడవు 36 అంగుళాలు ఉంటే సుమారు 87 కిలోలు వస్తుంది. ఈ సంఖ్యను వ్రాసి ఉంచుకుని పశువైద్యునికి చెప్పాలి.

తల పైకెత్తి వెదురుగొట్టంతోనో సీసాతోనో కషాయాలు పోయడం చాలా ప్రమాదం. మందు గొంతు తప్పి ఊపిరితిత్తులలోకి పోతే, వచ్చే న్యుమోనియా అసలు జబ్బుకంటె ఘోరమైనది. నమిలి తినేటట్లు ఉండగా ఇవ్వడమే ఇంటివారికి క్షేమం. మనుష్యుల నొప్పి మాత్రలు ఇవ్వనే ఇవ్వరాదు. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడడం మన దేశంలో 2006లోనే నిషేధించబడినది. ఆ మందు చేరిన కళేబరాలను తిని రాబందులు నశించడమే అందుకు కారణం.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఇంట్లో ఒక జ్వరమాపకాన్ని పెయ్యకోసం ప్రత్యేకంగా ఉంచుకోవాలి. ఆసనద్వారంలో చూసినప్పుడు 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ సహజం. మనిషి లెక్కతో చూసి జ్వరమనుకోరాదు. వాహనంలో దూరప్రయాణం చేసిన పశువులలో మొదటి పది రోజులలోనే ఊపిరితిత్తుల జ్వరం ఎక్కువగా వస్తుంది గనుక ఆ రోజులలో ఉదయం, సాయంత్రం చూసి వ్రాసుకోవాలి.

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి మందు ఆలోచన మానాలి.

జ్వరం 103.5 డిగ్రీలు దాటడం. ఒక పగలంతా మేత, నెమరు రెండూ లేకపోవడం. ఎడమ డొక్క ఉబ్బడం. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆయాసపడడం, దగ్గుతో చిక్కని చీమిడి కారడం. మూత్రం కాఫీరంగులో ఉండడం. పేడలో రక్తం. నోటిలో పుండ్లు, చొంగ, కుంటడం. గొంతు క్రింద వాపు. చర్మంపై గట్టి బుడిపెలు. లేవలేక ఒక ప్రక్కకు వాలి పడుకోవడం.

1962 సంఖ్యకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సహాయం అందుతుంది. సమీప ప్రభుత్వ పశువైద్యశాల చిరునామాను పెయ్య రాకముందే తెలుసుకుని ఉంచుకోవాలి.

ముందు జాగ్రత్తలు

కొనేటప్పుడు ఏయే టీకాలు వేశారో వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు ముఖ్యమైనవి. 2022లో దేశమంతటా పశువులను బాధించిన ముద్ద చర్మవ్యాధికి కూడా టీకా ఉన్నది. నాలుగు నుండి ఎనిమిది నెలల వయస్సులో పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయిస్తారు. ఈ వ్యాధి పచ్చిపాల ద్వారా మనుష్యులకు సోకి, నెలల తరబడి జ్వరం, కీళ్ళనొప్పులు కలిగిస్తుంది. అందువలన ఎంత పవిత్రమైన ఆవు పాలైనా కాచిన తర్వాతే త్రాగాలి. ఇంట్లో వేరే పశువులుంటే కొత్తదానిని మూడు వారాలు విడిగా కట్టాలి.

చివరిగా మరొక మాట. పెయ్య ఎదిగి ఎదకు వచ్చినప్పుడు పెద్ద జాతి ఆబోతుతో గాని, ఆ జాతి వీర్యంతో గాని చూలు కట్టించరాదు. కడుపులో దూడ పెద్దదై, ఈత సమయంలో తల్లికే ప్రాణాపాయం కలుగుతుంది. ముందుగానే పశువైద్యునితో మాట్లాడి పుంగనూరు జాతి వీర్యమే ఏర్పాటు చేసుకోవాలి.

ఆవును గృహంలో చేర్చుకోవడమంటే పదిహేను ఇరవై సంవత్సరాల బాధ్యతను స్వీకరించడం. మొదటి పది రోజులు దానికి మందులకంటె నిలకడ ఎక్కువ అవసరం. అదే మేత, అదే వేళ, అదే మనిషి. ప్రతిదినం ఉదయం నెమరు, పేడ, ముట్టె, జ్వరమాపకం, ఈ నాలుగింటిని చూసే అలవాటు ఇంటిలో ఒక్కరికైనా ఉండాలి. అప్పుడు చిన్న రుగ్మత చిన్నదిగానే తొలగిపోతుంది, పెద్దది సకాలంలో పశువైద్యుని దృష్టికి వెళుతుంది.